మా ఆంటీగారి అత్తగారి పేము కుర్చీ

ఖాళీ కుర్చీతో పావుగంట మాట్లాడితే ఏమవుతుంది? మహా అయితే గొంతెండుతుంది అనుకుంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ న్యూజిలాండ్‌లో, ఆల్బనీలో ఒక ఇటుకల ఇంట్లో నేను మాట్లాడిన పావుగంటకి ఒక చనిపోయిన మనిషి తిరిగొచ్చింది, ముగ్గురు ఆంటీలు పళ్ళూ పూలూ పట్టుకుని నా గది ముందు వరుస కట్టారు, నేను పెద్దల ఆత్మ పేరు చెప్పి పచ్చి అబద్ధం ఆడాను. ఇన్నేళ్ళ తర్వాత పాత డైరీ తీస్తే ఆ వారం పేజీల్లో అక్షరాలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నంద్యాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, అమ్మ స్నేహితురాలి చెల్లెలు లలిత ఆంటీ ఇంట్లో ఉండేదాన్ని. భయాల విషయంలో నేను ఎవరికీ అన్యాయం చేయలేదు, అందరికీ సమానంగా పంచాను. ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంటి దగ్గర ఏమైందోనని భయం. ఇక్కడ బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకి థాంక్యూ చెప్తారు. నేను రెండు స్టాపుల ముందు నుంచి ఆ మాట సాధన చేసి, బస్సు వెళ్ళిపోయాక దాని పొగకి చెప్పేదాన్ని.

ఈ భయాలన్నిటికీ మహారాణి లలిత ఆంటీ. చెడ్డమనిషి అనుకునేరు, చాలా మంచిది. అదే ప్రమాదం. ఆవిడ ఒక మాటంటే అది ఆజ్ఞ కాదు, వాతావరణం. గొడుగు వేసుకోవాలే తప్ప వానతో వాదించలేం కదా.

ఉగాదికి నెల రోజులుందనగా ఆ వాతావరణం నా మీదికి మళ్ళింది.

"హేమా, ఉగాది ఫంక్షన్‌కి యాంకరింగ్ నువ్వే. పేరిచ్చేశాను."

"నేనా ఆంటీ?"

"ఇంట్లో ఇంకో హేమ ఉందా? అన్ని తెలుగు పుస్తకాలు చదువుతావు, అవి ఎప్పుడు పనికొస్తాయి?"

"కాదాంటీ, అంతమంది ముందు నాకు..."

"చీర నాది ఇస్తాలే."

"సరే ఆంటీ."

చూశారా? ఆ "సరే ఆంటీ" నా మాట కాదండీ, తుమ్ము. వస్తుందని తెలుస్తుంది, ఆపలేను. స్కూలు హాల్లో రెండు వందల యాభై మంది, ఒక మైకు, మధ్యలో నేను. ఆ రాత్రి డైరీలో ఒకే వాక్యం రాశాను: "ఉగాది పచ్చడిలో ఈసారి ఏడో రుచి నేనే."

వారంలో అన్నం సహించడం మానేసింది. లైబ్రరీ బాత్రూం తలుపు వెనక ఒక పోస్టరు ఉండేది: "ఆందోళనగా ఉందా? వచ్చి మాట్లాడండి." యూనివర్సిటీ కౌన్సిలర్ తాలూకుది. దాన్ని నేను ఎనిమిదిసార్లు చదివాను. ఎందుకంటే ఆ పోస్టరు చదువుతూ తెలుగువాళ్ళ కంట పడే అవకాశం లేని చోటు ఈ భూమ్మీద అదొక్కటే. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళానని ఒక్కరికి తెలిస్తే చాలు. ఆల్బనీలో "దిగులట" అని బయల్దేరిన మాట నంద్యాల చేరేసరికి "పిచ్చట" అవుతుంది. నాన్న ఆ వారమే టికెట్టు కొని, డిగ్రీ సగంలో నన్ను వెనక్కి రప్పించేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు స్టేజీ, వెనక విమానం.

వాన లేని రోజున రెయిన్‌కోటు టోపీ ముక్కు దాకా లాక్కుని వెళ్ళాను.

కౌన్సిలర్ పేరు మార్గరెట్. నెరిసిన జుట్టు, ఉన్ని మేజోళ్ళు, చేతికందేలా టిష్యూల డబ్బా. మొదటి వారం ఊపిరి నేర్పింది, నాలుగు అంకెలు పీల్చు, ఆరు అంకెలు వదులు అని. ఇంట్లో చేస్తుంటే ఆంటీ చూసి "ఆయాసమా?" అని వారం రోజులు శొంఠి కషాయం పట్టించింది. రెండో వారం ఆలోచనల పట్టిక ఇచ్చింది. నా భయం ఒక గడిలో, అది నిజమనడానికి సాక్ష్యం రెండో గడిలో, కాదనడానికి మూడో గడిలో రాయాలి. బుద్ధిమంతురాలిని కదా, రెండో గడి పదకొండు పేజీలు నింపి, ముఖ్యమైనవాటి కింద ఎర్ర గీతలు కొట్టి, మార్కులెన్ని అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూశాను. మార్గరెట్ చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

మూడో వారం నా ఎదురుగా ఖాళీ కుర్చీ జరిపింది.

"ఇందులో మీ ఆంటీ కూర్చున్నారనుకో. ఆవిడకి చెప్పలేకపోతున్నది ఈ కుర్చీకి చెప్పు."

నేను లేచి నిలబడ్డాను.

"ఎందుకు లేచావు?"

"ఆంటీ కూర్చుంటే ఆవిడ ముందు నేను కూర్చోకూడదు."

మార్గరెట్ మళ్ళీ కళ్ళజోడు తీసింది. "సరే, ఇంట్లో తలుపేసుకుని సాధన చెయ్యి. ఆ మాట నీ నోటికి అలవాటవ్వాలి, అంతే."

అంతేనట!

నా గదిలో ఉన్నది ఒకే కుర్చీ, కంప్యూటర్ ముందుండే చక్రాల కుర్చీ. ఆంటీని చక్రాల కుర్చీలో ఊహించుకోవడం అపశకునం అనిపించింది. శనివారం ఆంటీ, మూర్తి అంకుల్ కూరగాయలకి వెళ్ళినప్పుడు గ్యారేజీలో వెతికితే, పాత దుప్పటి కింద ఒక పేము కుర్చీ కనబడింది. నిండుగా, చేతులు చాచి, అచ్చం పెద్దమనిషిలా ఉంది. మోసుకొచ్చి గదిలో వేసుకున్నాను. ఎవరిదో అడగాలని తోచలేదా అంటారా? తోచింది. అడగడానికి భయమేసింది.

మధ్యాహ్నం ఆంటీ పక్కింటికి వెళ్ళిందనుకుని మొదలుపెట్టాను. జాగ్రత్తపరురాలిని కాబట్టి "ఆంటీ" అనే మాట మాత్రం రానివ్వలేదు. పొరపాటున ఎవరైనా విన్నా ఎవరి గురించో తెలియకూడదు కదా.

"చూడండి, మీరు పెద్దవారు. మీరంటే నాకు గౌరవం. కానీ మీరు కోపంగా చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. మీరు ఈ ఇంట్లో ఎటు తిరిగితే అటు నా గుండె తిరుగుతుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మాట కూడా వినండి..."

గోడలకి చెవులుంటాయంటారు. న్యూజిలాండ్ ఇళ్ళకి ఇటుకలు బయటికే, లోపలి గోడలు అట్టముక్కలు, వాటికి చెవులే కాదు, మైకులు కూడా ఉంటాయి. బయట ఏదో ధన్‌మని పడింది.

తలుపు తీశాను. లలిత ఆంటీ. ఆవిడ పాదాల దగ్గర ఉతికిన బట్టల బుట్ట బోర్లా పడి ఉంది. ఆవిడ నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా కుర్చీని చూస్తోంది.

"అది... ఇక్కడికెలా వచ్చింది?"

"గ్యారేజీలోంచి తెచ్చానాంటీ."

"ఎవరు తెమ్మన్నారు?"

నిజం చెప్తే మార్గరెట్ బయటపడుతుంది. "ఎవరూ అనలేదాంటీ. తేవాలనిపించింది."

ఆంటీ గుండె మీద చెయ్యేసుకుంది. "అనిపించిందా! హేమా... అది మా అత్తయ్యగారి కుర్చీ."

ఆ అత్తగారి గురించి అంకుల్ చెప్పగా విన్నాను. తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు గాజు తలుపు పక్కన ఆ కుర్చీలోనే కూర్చుని, ఆంటీ పప్పు నుంచి న్యూజిలాండ్ గాలి దాకా అన్నిటికీ వంక పెట్టి, తిరిగి వెళ్ళిన ఏడాదికి పోయింది. కుర్చీని పారేయడానికి అంకుల్‌కి మనసు రాలేదు. చూడటానికి ఆంటీకి ధైర్యం రాలేదు.

"కోపంగా చూస్తున్నారన్నావుగా," ఆంటీ గుసగుసగా అంది, "కడుపులో తిప్పుతోందన్నావుగా. నాకూ అచ్చం అంతే ఉండేదే! ఏమంటున్నారు ఆవిడ?"

పాఠకులారా, నిజం చెప్పడానికి దేవుడిచ్చిన క్షణం అది. కానీ ఎడమ చెవిలో విమానం చప్పుడు, కుడి చెవిలో మైకు చప్పుడు. మధ్యలో ఒక దిక్కుమాలిన ఉపాయం.

"నన్ను... ఉగాదికి స్టేజీ ఎక్కొద్దంటున్నారాంటీ. మంచిది కాదట."

ఆంటీ ముఖంలో భయం టక్కున పోయింది. దాని స్థానంలో వచ్చినదాన్ని చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏమిటీ? నేను పాటల పోటీకి పేరిస్తే 'కోడళ్ళు స్టేజీలెక్కడం ఏమిటమ్మా' అని పేరు కొట్టించింది. ఇప్పుడు పైనుంచి వచ్చి కూడా అదే మాటా? పోయాక కూడానా? హేమా, నువ్వు ఎక్కి తీరాలి! ప్రార్థనా గీతం కూడా నువ్వే పాడు!"

"సరే ఆంటీ."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు ఊడిన నాలుకతో పాట పాడాల్సొచ్చింది.

ఆ పూటంతా నేను గదిలో కుర్చీ ఉన్న వైపు వీపు పెట్టలేదు. ఎండకి పేము చిట్లి టప్‌మంటే చాలు, "క్షమించండి, మీ పేరు అనవసరంగా వాడుకున్నాను" అని మనసులో దణ్ణాలు. అబద్ధం నాదే, అయినా నమ్మి జడుసుకున్న మొదటి మనిషిని నేనే.

ఆదివారం పదింటికల్లా హాల్లో గుసగుసలు. తలుపు తీస్తే నా గది ముందు ముగ్గురు ఆంటీలు. ఒకావిడ చేతిలో అరటిపళ్ళు, ఒకావిడ దగ్గర చామంతులు. మూడో ఆవిడ మేరీ ఆంటీ, ఆసుపత్రిలో నర్సు, చర్చి నుంచి నేరుగా వచ్చింది. "మేం ఇలాంటివి నమ్మం, లలిత పిలిచిందని వచ్చా," అని ముందే చెప్పేసింది.

"హేమా, మా అత్తగారిని కూడా పిలవగలవా?" అరటిపళ్ళ ఆంటీ అడిగింది. "ఆవిడ ఆవకాయ కొలతలు చెప్పకుండానే పోయింది."

"నాకు అది... రాదాంటీ."

"మొహమాటపడకమ్మా. ముందు కూర్చో."

అందరూ నా గదిలోకి వచ్చేశారు, చామంతులు కుర్చీ చేతుల మీద పడ్డాయి. నాలుగు పీల్చాను, ఆరు వదిలాను. దాంతో "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది!" అని అందరూ చేతులు జోడించారు.

మేరీ ఆంటీ మాత్రం మంచం మీది నా పుస్తకం చూస్తోంది. తెరిచి ఉంది. మూడు గడులు, ఎర్ర గీతలు.

"ఆగండాగండి," అంది. "ఎదురుగా ఖాళీ కుర్చీ, ఈ పట్టిక. మా వార్డులో పేషెంట్లకి ఇదే చేయిస్తారు. హేమా, నువ్వు కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నావా?"

నాలుగు జతల కళ్ళు. నంద్యాల విమానం నా గదిలోనే దిగింది. నోరు తెరిచాను. తుమ్ము రావాలి. రాలేదు.

"వెళ్తున్నానాంటీ. ఆవిడే కుర్చీతో మాట్లాడమంది. ఆత్మ లేదు, ఏమీ లేదు. స్టేజీ ఎక్కొద్దన్నది నేను కల్పించాను. నాకు చచ్చేంత భయం, అందుకని."

"మరి కోపంగా చూస్తారన్నావు, కడుపులో తిప్పుతుందన్నావు," లలిత ఆంటీ గొంతు సన్నగా ఉంది. "అత్తయ్యగారు కాకపోతే ఆ కుర్చీలో ఎవరున్నారే?"

"మీరాంటీ."

ఒక చామంతి జారి కింద పడింది.

ఆంటీ మంచం అంచు మీద కూలబడింది. "నేనా?" అంది. "మా అత్తగారిలా ఉన్నానా నేను?"

గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడ్డ మూర్తి అంకుల్ గొంతు సవరించుకుని, ప్రాణభయంతో వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"చెయ్యలేనని ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెప్పానాంటీ."

"ఎప్పుడు?"

"కుర్చీకి."

ముందు నవ్వింది మేరీ ఆంటీయే. తర్వాత అందరూ. లలిత ఆంటీ నవ్వలేదు. అందరినీ బయటికి పంపి, నన్ను కూడా పంపి, తలుపేసుకుంది. ఆంటీ లోపల కుర్చీతో ఎంతసేపు మాట్లాడిందో డైరీలో రాశాను: నలభై నిమిషాలు. కళ్ళు ఎర్రగా, ముఖం తేలిగ్గా బయటికొచ్చి, "ఆ కౌన్సిలర్ బయటివాళ్ళని చూస్తుందా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే ఫోన్ కార్డు గీకి, నంద్యాలకి ఫోన్ చేసి అమ్మకి ఆంటీయే చెప్పేసింది. నేను పక్కనే పెట్టె సర్దుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. చివరికి ఫోన్ నా చేతికొచ్చింది. అమ్మ గొంతు బాగా తగ్గించి, "నాన్నకి నేను చెప్పుకుంటాలే. ఆ కుర్చీ పద్ధతి ఇంకొంచెం వివరంగా చెప్పు. మీ నానమ్మ హాల్లోనే ఉంది, నేను కుర్చీ పెరట్లో వేసుకుంటాను," అంది.

ఉగాదికి యాంకరింగ్ లలిత ఆంటీయే చేసింది. ఇన్నేళ్ళూ తనకే ఎక్కాలని ఉండి, ధైర్యం లేక నా పేరిచ్చిందట. నేను తెర వెనక కాగితాలు అందిస్తూ, జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ భయపడలేదు. ధైర్యం కోసం ఆంటీ పేము కుర్చీని కారులో వేసుకొచ్చి ముందు వరసలో పెట్టించింది. "ఎదురుగా ఉంటేనే నేను మాట్లాడగలను," అంది.

అంతా బాగానే సాగింది. ఇంతలో ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథిగారు ముందు వరసలో ఖాళీగా ఉన్న ఆ ఒక్క కుర్చీ చూసి, పంచె సవరించుకుని వంగారు. ఆంటీ మైకులోనే గావుకేక పెట్టింది.

"అయ్యో, కూర్చోకండి! మా అత్తయ్యగారున్నారు!"

పెద్దాయన సగం వంగినవాడు వంగినట్టే ఆగిపోయి, రెండు వందల యాభై మంది చూస్తుండగా ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టి, కార్యక్రమం అయ్యేదాకా గోడ పక్కన నిలబడ్డారు.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఎవరిదో విచారించకుండా ఇకపై ఏ కుర్చీతోనూ మాట్లాడను. పోయినవాళ్ళ తరఫున, అందులోనూ అత్తగార్ల తరఫున, ఏ కబురూ మోయను. చెప్పాల్సినది మనుషులకే, వణుకుతూ అయినా సరే, చెప్తాను. దీనికి సాక్షి ఇప్పుడు నా ఎదురుగా ఉన్న కుర్చీ. కంగారుపడకండి, ఇది కొత్తది. కొన్నప్పటి నుంచీ ఎవరినీ కూర్చోనివ్వలేదు.