అగర్ పలక మీద రాని గీత

1978. యాకుత్‌పురా రైలు పట్టాల పక్కన ఒక చిన్న ధర్మాసుపత్రి. అందులో నేను బయోకెమిస్ట్‌ని. రైలు పోయినప్పుడల్లా బల్ల మీద గాజు పలకలు గలగలమనేవి. ఇప్పటి యంత్రాల గదుల్లో ఆ చప్పుడూ లేదు, అగర్ అనే సముద్రపు నాచు జిగురు కరిగే వాసనా లేదు. రెండూ నాకు తరచు గుర్తొస్తుంటాయి.

మా ఫ్రిజ్‌లో యాంటీసీరం సీసా ఒకటి ఉండేది. కొలెస్ట్రాల్ కొవ్వు కనుక రక్తంలో తనంతట కరగదు. ఒక ప్రోటీన్ దాన్ని మోసుకుపోతుంది. తిన్న నెయ్యీ నూనే పేగుల్లోంచి రక్తంలోకి చేరాలన్నా అదే కావాలి. మనిషి రక్తంలోని ఆ ప్రోటీన్‌ను కుందేలుకు ఎక్కిస్తే, దాన్ని పట్టుకునే యాంటీబాడీ కుందేలు రక్తంలో తయారవుతుంది. సీసాలో ఉన్నది అదే. గాజు పలక మీద అగర్ పోసి, అది గడ్డకట్టాక ఇత్తడి గొట్టంతో గుంతలు చేసి, ఒక గుంతలో యాంటీసీరం, పక్కదాంట్లో రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే పసుప్పచ్చటి నీరు, వేసేవాళ్ళం. తడి దూది పరిచిన టిఫిన్ డబ్బాలో ఉంచితే మర్నాటికి రెండూ కలిసినచోట తెల్లటి గీత కనిపించేది. గీత వస్తే ప్రోటీన్ ఉన్నట్టు.

ఆ ఎండాకాలం రాజమ్మ అనే ఆమె మనవరాలు లక్ష్మిని ఎత్తుకొచ్చింది. వెంట కోడలు సుగుణ. కొడుకు ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. రెండేళ్ళు నిండిన పిల్ల, ఎముకల గూడు. తిన్నదంతా నూనె తేలే విరేచనాలుగా పోతోంది. మెడలో దర్గా తాయెత్తు, అమ్మవారి పసుపుతాడు. రాజమ్మకు తెలిసిన బలం మందు నెయ్యి. ముద్దముద్దకూ అదే.

మా పిల్లల డాక్టరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చినావిడ, నన్ను పక్కకు పిలిచింది.

"కొలెస్ట్రాల్ దాదాపు లేదండీ. ఆ ప్రోటీన్ పుట్టుకతోనే లేదేమో. అదే నిజమైతే నెయ్యే పిల్లను చంపుతోంది. కానీ తిండి ఒంటబట్టని ఏ పిల్లకైనా కొలెస్ట్రాల్ తగ్గుతుంది. పొరపాటున నెయ్యి మాన్పిస్తే ఉన్న కాస్త బలమూ పోతుంది. మీరే తేల్చాలి."

పలక మీద లక్ష్మి సీరంతోపాటు సుగుణది, నాదీ వేశాను. యాంటీసీరం పాడవలేదని తెలియడానికి అవి కంట్రోల్. మర్నాడు మా ఇద్దరికీ గీతలొచ్చాయి. లక్ష్మికి రాలేదు.

నెయ్యి మానమన్నాం. రాజమ్మ పలకను వెలుగుకెత్తి చూసింది.

"గుంతల పొల్ల నెత్తురే పోసినవా సారూ? నీళ్ళు పోసినవేమో, ఎవరికెరుక?"

"ఊకో అత్తా," అంది సుగుణ.

"నువ్వాగే! పొల్ల నోట్లకెళ్ళి నెయ్యి గుంజుకోమంటున్నడు. ఏం కానరాని అద్దం చూపి నమ్ముమంటె, తాయెత్తు కట్టిన బాబాకు నీకు ఫరక్ ఏంది సారూ?"

బాబాల మీద హేతువాద సభల్లో నిప్పులు చెరిగినవాణ్ణి. ఒళ్ళు మండింది. "ఫరక్ చూపిస్తా, కూర్చో!" అన్నాను.

ప్రతి మనిషి రక్తంలోనూ ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు మా దగ్గర వేరే యాంటీసీరం ఉండేది. ఆమె కళ్ళముందే లక్ష్మి రక్తం తీసి, సీరం వేరుచేసి, ఒక గుంతలో వేశాను. దానికి ఒక పక్క ఆల్బుమిన్ యాంటీసీరం, రెండో పక్క మొదటి పలక మీద వాడిన యాంటీసీరం.

"ఈ పక్క గీత వస్తే గుంతలో ఉన్నది నీళ్ళు కాదు."

"రెండు దిక్కులా వస్తె?"

"తప్పు నాది. నెయ్యి పెట్టుకో."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. ఆల్బుమిన్ పక్క సన్నటి గీత. రెండో పక్క ఖాళీ అగర్. రాజమ్మ పలకను మళ్ళీ వెలుగుకెత్తి రెండు పక్కలా చూసింది.

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు. గిది పొల్లకెట్లొచ్చింది?"

డాక్టరు చెప్పింది: "లోపం తల్లిలో సగం, తండ్రిలో సగం దాగి ఉంటుందమ్మా. దగ్గర సంబంధాల్లో రెండు సగాలూ కలుస్తాయి. సుగుణ మీకేమవుతుంది?"

"మా అన్న బిడ్డ. నేనే కోరి తెచ్చుకున్న." ఆ తర్వాత మెల్లగా నన్నడిగింది, "తాయెత్తు గూడ తియ్యాల్నా?"

"అది ఉండనీ. నెయ్యి తియ్యి."

వెన్న తీసిన పాలు, గంజి, పప్పుకట్టు, విటమిన్ చుక్కలు. వానలు పడేనాటికి విరేచనాలు కట్టాయి, లక్ష్మి గోడ పట్టుకుని నిలబడింది. నయమైపోయిందని అబద్ధం చెప్పను. జన్మంతా ఆ తిండే.

దేవుడున్నాడన్నవాణ్ణి, దయ్యముందన్నవాణ్ణి రుజువు అడగడం నాకు కుర్రతనం నుంచీ వచ్చు. ‘లేదు’ అనేవాడు కూడా, ఉంటే తన పరీక్షకు దొరికి ఉండేదని ముందు చూపించాలి. సభల్లో చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ నన్ను అది అడగలేదు. మనవరాలి ప్రాణం చేతిలో పట్టుకున్న మనిషి అడిగింది.