దర్జీ ఆపా దొంగ కొలత

మా పక్క వాటాలో ఉండే దర్జీ ఆపా పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూసింది. ఆ సంగతి చెప్పడానికి ఆమె తమ్ముడు వచ్చినప్పుడు నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అతను గుమ్మం దగ్గర నిలబడి "ఆపా పోయిందక్కా" అన్నాడు. నేను చాటలోంచి తల ఎత్తకుండానే "గింత పొద్దుగాల ఎటు పోయింది?" అని అడిగాను. తలెత్తి అతని మొహం చూశాకే నాకు అర్థమైంది.

మధ్యాహ్నం ఖననం అయిపోయాక ఆ మాట తలచుకుని మేమిద్దరం ఏడుపులోనే నవ్వుకున్నాం కూడా. నా తప్పేమీ లేదు. ఇన్నేళ్లుగా ఆ ఇంటి ముందు నిలబడి నేను రోజూ అడిగిన మాట అదే. అంతకు ముందు మాత్రం ఆపా గురించి అట్లా అడగాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు. అప్పటికీ ఇప్పటికీ మధ్య వచ్చింది ఒక మడత కుర్చీ. ఆ కథే మీకు చెప్పాలని కూర్చున్నాను.

కాగితాల మీద మహబూబాబాద్, నోటికి మానుకోట. స్టేషన్‌కు దగ్గర్లో మా ఇల్లు, దాని పక్కనే మేం కిరాయికి ఇచ్చే రెండు గదుల వాటా. భూపాలపల్లి నుంచి అక్కాతమ్ముళ్లు వచ్చి అందులో దిగారు. తమ్ముడు రైల్వే గేటు దగ్గర పంక్చర్ దుకాణం పెట్టాడు. అక్క బట్టలు కుట్టేది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. కర్ర పట్టుకుని నడిచేది, ఒక్క కాలితోనే మిషన్ తొక్కేది. హిందువులం, ముస్లింలం అని లేదు, వాడకట్టు ఆడవాళ్లందరికీ ఆమె ఆపానే, అంటే అక్కే. నన్ను చెల్లె అనేది.

కొలత తీసుకునేటప్పుడు ఆమె దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు. టేపు నడుముకు చుట్టగానే ఆడవాళ్లు ఊపిరి బిగబడతారు కదా. ఆపా టేపు అట్లాగే పట్టుకుని, వేరే ముచ్చట మొదలుపెట్టి, వాళ్లు మరిచిపోయి ఊపిరి వదిలినప్పుడు చూసి రాసుకునేది. "నాకు అబద్ధం చెప్పు చెల్లె, ఏం ఫరక్ పడదు. జాకెట్టుకు ఎట్ల చెప్తవ్?" అనేది. తెచ్చిన కొలత జాకెట్టునూ నమ్మేది కాదు. "గిది పోయినేడు మనిషి. ఈయేటి మనిషి ఏది?" అని లోపలికి పిలిచేది.

ఒక వానాకాలం వాకిట్లో జారిపడి మంచి కాలి వైపు తుంటి విరిగింది. దవాఖాన నుంచి వచ్చాక నడక లేదు. చేతి మిషన్ తెప్పించుకుని కుట్టుపని ఆపలేదు. కానీ మంచం మీదినుంచి బల్ల మీదికి, బల్ల మీదినుంచి స్నానానికి, అన్నిటికీ తమ్ముడే ఎత్తుకోవాలి. అతను ఏనాడూ విసుక్కోలేదు. ఆపాయే పిలవడానికి విసిగిపోయింది. దాహమైతే వెంటనే అడిగేది కాదు. ఇంకొక పని కూడా కలిసేదాకా ఓపిక పట్టి, రెండు పనులు కూడబెట్టి ఒకేసారి పిలిచేది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. రోజూ మా వీధి చివర డప్పులు, పాటలు వినిపించేవి. ఆపా లోపలి గదిలో కూర్చుని తలకు కట్టుకునే పట్టీలు కుట్టి పంపేది. మా వాడకట్టు ఆడవాళ్లం పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టుకోవాలని అనుకున్నాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరం తినడం. ఇంకా మూడు వారాల గడువు ఉంది.

ఆ సాయంత్రం ఆపా నన్ను పిలిచింది.

"చెల్లె, నేనుగూడ వస్త. ఒక చక్రాల కుర్చీ చూడరాదు."

"తమ్ముడు తీసుకొస్తడు గద ఆపా."

"వాడు ఎత్తుకొని తెస్తడు. నేనేమన్న మొహర్రం పీరునా, ఊరంత ఎత్తుకొని తిరగనీకె? నా దర్వాజ దాటి నేను పోవాలె. గంతే."

గంతే అన్నది కానీ, ఆ ముక్క అంటున్నప్పుడు సూదిలోకి దారం ఎక్కించే చేయి ఆగిపోయింది. ఈ మనిషి నన్ను అడిగింది రోడ్డు దాకా పోవడం గురించి ఒక్కటే కాదని నాకు అర్థమైంది.

ఏ పనైనా రాసుకుని చేయడం నా అలవాటు. ఇంటి లెక్కల పుస్తకంలో వెనక పేజీ తీసి కొలతలు మొదలుపెట్టాను. ఆపా వాటా బయటి తలుపు చూశాను. తలుపు పూర్తిగా తెరిచినా రెక్క మందం ఒకటిన్నర అంగుళం తినేస్తుంది. అది పోగా మిగిలింది ఇరవై నాలుగున్నర. సీటు వెడల్పుకు చక్రాల కోసం ఇంకో ఎనిమిది అంగుళాలు కలపాలని ఆపాకు ముందే చెప్పాను. తర్వాత మనిషి. ఆపాను బల్ల మీద కూర్చోబెట్టి, తొడలకు రెండు పక్కలా రెండు అట్టపుస్తకాలు నిలబెట్టి, మధ్య దూరం టేపుతో చూశాను. పద్నాలుగున్నర.

"ఎంత?" అంది.

"పద్నాలుగున్నర. అటిటు కొంచెం లూజు పెడితే పదహారు."

"బరాబర్. పదారే రాసుకో."

కొలిచినంతసేపూ ఆమె రెండు అరచేతులూ బల్లకు ఆనించి ఉంచింది. కూర్చోవడానికి ఆసరా కోసమేమో అనుకున్నాను.

టైర్ల దగ్గర తమ్ముడు కలగజేసుకున్నాడు. గట్టి రబ్బరు టైర్లయితే పంక్చర్ బాధ ఉండదని నేనన్నాను. "గట్టివి వద్దక్కా, మన రోడ్లకు ఆపా నడుమిరుగుతది. గాలి టైర్లు తీసుకో" అన్నాడతను. లోపలినుంచి ఆపా "పంక్చరైతే గిరాకి వాని దుకాణానికే గద. వాడు నా మంచికి చెప్తలేడు చెల్లె" అని అరిచింది. అయినా గాలి టైర్లే రాసుకున్నాను.

జనగామలో మా పుట్టింటికి దగ్గర్లో అట్లాంటి సామాన్లు అమ్మే దుకాణం ఒకటి ఉంది. పొద్దున ప్యాసింజర్‌కు వెళ్లాను. దుకాణాయన నా కాగితం చూసి నాలుగు చిన్న చక్రాల కుర్చీ తెచ్చి ముందు పెట్టాడు.

"గిది తీస్కోండమ్మా. తేలిక. వెడల్పు తక్కువ, ఏ దర్వాజలకెల్లైనా దూరుతది."

"కూసున్న మనిషి దీన్ని ఎట్ల తిప్పుకుంటది?"

"మనిషెందుకు తిప్పుతదమ్మా? ఎనుకకెల్లి మీరు తోయాలె."

నిజం చెబుతున్నాను, ఒక నిమిషం ఆగిపోయాను. తేలికగా ఉంది, తలుపుకు సరిగ్గా సరిపోతుంది, తోయడానికి మేమిద్దరం ఉండనే ఉన్నాం. కానీ ఆ కుర్చీ కొంటే మళ్లీ పిలవాల్సిందే. ఎత్తుకోవడం పోయి తోయడం వస్తుంది, అంతే తేడా. వద్దన్నాను. వెనక పెద్ద చక్రాలుండి, వాటి పక్కన చేత్తో పట్టి తిప్పుకునే రింగులున్నవి చూపించమన్నాను. సీటుకు ఎనిమిది అంగుళాలు కలిపితే మొత్తం వెడల్పు. పదహారు సీటుది ఇరవై నాలుగు అవుతుంది, మా తలుపులో అటు పావు ఇటు పావు వదిలి దూరుతుంది. పద్దెనిమిదిది దూరదు. కుర్చీలో నేనే కూర్చుని దుకాణంలో రెండు చుట్లు తిరిగాను, బ్రేకులు వేసి చూశాను. సీటు గుడ్డను మధ్యలో పట్టి పైకి లాగితే మడత పడుతుంది. విప్పేటప్పుడు పక్క కడ్డీల మీద అరచేతులతో నొక్కాలి, వేళ్లు లోపలికి చుట్టొద్దు. మడవడం, విప్పడం నేనే మూడుసార్లు చేశాను. దుకాణాయన గోడ గడియారం వైపు చూస్తున్నా పట్టించుకోలేదు.

తిరుగు బండిలో కూర్చోవడానికి చోటు లేదు. బస్సులు లేవు కాబట్టి జనమంతా రైల్లోనే ఉన్నారు. తలుపు పక్కన కుర్చీ విప్పి అందులోనే కూర్చున్నాను. ఇక చూడండి మర్యాద! ఒకావిడ చీర కుచ్చిళ్లు సర్ది జాగా చేసింది. ఇంకొకావిడ మొక్కజొన్న కంకి ఒలిచి చేతిలో పెట్టింది. కేసముద్రంలో రైలురోకో, బండి ఆగిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కి, లేచి ప్లాట్‌ఫాం మీదికి దిగాను. పెట్టె మొత్తం నా కాళ్ల వైపే చూసింది.

"అవ్వో, కాళ్లున్నయిగదనే నీకు!" అంది కంకి ఇచ్చినావిడ.

"కాళ్లున్నయక్కా. సీటే లేకుండె."

"నా కంకి నాకియ్యి ముందుగాల!"

పట్టాల మీద కూర్చున్నవాళ్లతో సహా అందరూ నవ్వారు. ఆ కంకి అప్పటికే సగం అయిపోయింది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కుర్చీ ఎక్కి, తమ్ముడు గడపకు వేసిన చెక్క మీదుగా బయటి గుమ్మం దాటి, మా వాకిట్లో ఒక చుట్టు తిరిగింది.

నాలుగో రోజుకు తిరగడం తగ్గింది. ఏమైందంటే "ఏం లేదు, బట్ట పనున్నది" అనేది. ఒక మధ్యాహ్నం స్నానానికి సాయం చేస్తుంటే చూశాను. రెండు తొడల పక్కలా కమిలిపోయి ఎర్రటి చారలు. కుర్చీ బిగుతు. టేపు తెచ్చి అక్కడికక్కడే మళ్లీ కొలిచాను. పదహారున్నర.

"నేను తప్పు కొలిచిన్నా ఆపా? రెండు అంగుళాలు తప్పుపోతదా నా లెక్క?"

పాపం ఆపా, నన్ను అట్లా పరేషాన్ కానివ్వలేకపోయింది.

"నీ లెక్క మంచిగనే ఉన్నది. నువ్వు కొలిచేటప్పుడు నేను చేతుల మీద లేచిన."

"లేచుడేంది?"

"అరచేతులు బల్లకు ఆనిచ్చి, ఒళ్లు జర పైకి లేపిన. ఒళ్లు పరుచుకోకుంట."

ఊరందరి ఊపిరి పట్టుకున్న మనిషి నాకు దొంగ కొలత ఇచ్చింది! నాకు కోపం రావాలి, నవ్వు వచ్చింది.

"ఎందుకట్ల?"

"దర్వాజ ఇరువై నాలుగున్నర ఉండెగద. నేను పద్దెనిమిదైతే ఎట్ల దాటుత? దర్వాజకు సరిపోయేటట్టు నన్ను నేనే కత్తిరించుకున్న."

నవ్వుతూనే అంది. కానీ నా నవ్వు ఆగిపోయింది. ఆ తలుపు మాది. ఆ గోడ మాది. ఆ గుమ్మం కొలిచి రాసుకున్న నాకు, గుమ్మం కొలత మార్చవచ్చని ఒక్కసారి కూడా తోచలేదు. కిరాయికున్న మనిషి నోరు తెరిచి అడగలేక ఒళ్లు కమిలించుకుంది.

ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను. గోడ సంగతి వెంటనే ఒప్పుకున్నాడు కానీ గడప తీసేయాలంటే నసిగాడు.

"గడప తీస్తరా ఎవరన్న? ఇల్లు గద."

"మన గడపకు నేను పసుపు రాస్తున్న. గా గడపకు ఎవరు రాస్తున్నరు? మనిషిని ఆపుడు తప్ప అది చేస్తున్నదేంది?"

రెండో రోజు మేస్త్రి వచ్చాడు. ఆపా మంచం మీద కూర్చుని పని అంతా తనే చేయించింది. "గోడ లోపట ఎంత బట్ట ఉన్నది మేస్త్రీ? జర కుట్టు విప్పి లూజు చెయ్యి" అంది. "నీ జాకెట్టు కాదాపా, ఇటుక" అన్నాడతను. "ఇటుకైతేంది, కొలత తప్పితే మళ్లొచ్చి విప్పేది నువ్వే" అని దబాయించి, దర్వాజ ముప్ఫై అంగుళాలు చేయించింది. గడప తీసిన చోట సిమెంటుతో ఏటవాలు పోయించింది. అది ఆరేదాకా కొత్త దర్వాజకు పరదా కుట్టింది.

కుర్చీ మార్చుకురావడానికి ఈసారి తమ్ముడు జనగామ వెళ్లాడు. దుకాణాయన "చీర మార్చినట్టు మారుస్తరా కుర్చీని?" అని కాసేపు సతాయించి, పద్దెనిమిదిది ఇచ్చాడట. తెచ్చిన సాయంత్రమే ఆపాను కూర్చోబెట్టి రెండు పక్కలా వేళ్లు పెట్టి చూశాను. "చేతులు ఒళ్లో పెట్టుకో ఆపా, బల్ల మీద కాదు" అన్నాను. బుద్ధిగా పెట్టుకుంది.

వంటావార్పు రోజు పొద్దున తొమ్మిదింటికి ఆపా తన దర్వాజలోంచి తనే బయటికి వచ్చింది. ఎవరినీ పిలవలేదు. తమ్ముడు అలవాటుగా వెనక పిడి పట్టుకోబోతే చేతి మీద చిన్నగా ఒక్కటేసింది. అతను ఆ చేతిని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. పెద్ద రోడ్డు మీద ఒక్క బండి లేదు. బంద్ కదా. మామూలు రోజైతే లారీలూ ట్రాక్టర్లూ అక్కడ మనిషిని నిలబడనివ్వవు. ఆ రోజు నల్లటి తారు రోడ్డు మొత్తం ఆపాదే. రింగులు పట్టి ఒక్క తోపు తోసి, చేతులు వదిలేసి, కుర్చీ దానంతటది ఆగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేది. మళ్లీ ఒక తోపు. నేను వెనక గిన్నెల సంచితో నడవలేక ఆయాసపడ్డాను.

వంద పొయ్యిలున్నాయో, ఎక్కువో. పొగ, పాటలు, పప్పు వాసన. నేను బియ్యం కడిగి ఎసట్లో పోసి తల ఎత్తేసరికి పక్కన ఆపా లేదు. తమ్ముణ్ని అడిగితే నీ దగ్గరే ఉందనుకున్నా అన్నాడు. ఇద్దరం బయలుదేరాం. మంచం మీద వదిలితే మంచం మీద, బల్ల మీద వదిలితే బల్ల మీద ఉండే మనిషి. ఆమె కోసం మేం ఎప్పుడూ వెతికి ఎరగం. ఎట్లా వెతకాలో కూడా తెలియలేదు. తాళాలు, తప్పెట్లు, పొగలో మొహాలు. తమ్ముడికి కంగారు, "ఆపా, ఆపా" అని అరుస్తున్నాడు.

రోడ్డుకు అవతలి పక్కన దొరికింది. ఎవరివో తెలియని ఆడవాళ్ల గుంపులో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని ఉల్లిగడ్డలు కోస్తోంది. కళ్ల నిండా నీళ్లు, నోటి నిండా నవ్వు. మమ్మల్ని చూసింది.

"ఏంది, నా కోసం దేవులాడుతున్నరా?"

"మరి! చెప్పకుంట గిట్ల పోతవా ఆపా?" అన్నాడు తమ్ముడు.

"నా కోసమేనా? సచ్చీ? నిజంగనా?" అని మళ్లీ అడిగింది. ఆ మాట ఇంకొకసారి వినాలన్నట్టు. మేమిద్దరం తల ఊపాం. ఆపా చాట పక్కావిడ ఒళ్లో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, రింగులు పట్టుకుంది.

"దేవులాడుండ్రి ఇంకింత సేపు" అని కుర్చీని గిర్రున తిప్పి, పొయ్యిల మధ్య సందు చూసుకుని, పొగలోకి వెళ్లిపోయింది.