ఒక్క ఊపిరిలో పెద్దింటి కథ

కాక చనిపోయాడన్న వార్త నాకు ఒక రంగుల బొమ్మగా వచ్చింది. సౌదీలోని ఖఫ్జీలో పని ముగించుకుని బస్సెక్కి ఫోన్ తెరిస్తే, మా పల్లెవాళ్ల గ్రూపులో 'ఘన నివాళి' అంటూ ఒక ఫ్లెక్సీ బొమ్మ ఉంది. అందులో నిండుగా కనిపించే ముఖం కాకది కాదు, మా పల్లె పెద్దింటి కొడుకుది. నల్లకళ్లద్దాలు, జోడించిన చేతులు. కాక ముఖం అడుగున ఒక మూల, దండ గీసిన చిన్న గుండ్రంలో ఉంది. పోయింది ఎవరో తెలుసుకోవడానికి వేళ్లతో పెద్దది చేసుకుని చూడాల్సి వచ్చింది. 'మా ఇంటి మిరాశీదారు, మా కుటుంబానికి ఆప్తుడు' అని రాశారు. కింద వరసగా దండాల బొమ్మలు. నాకు ముందు ఏడుపు రాలేదు. గదికి చేరి ముఖం కడుక్కుంటుంటే అప్పుడొచ్చింది ఏడుపు.

మీలో చాలామందికి కాక ఎవరో తెలియదు. నాకు ఊరి వరసకే కాక, రక్తసంబంధం లేదు. మాది జగిత్యాల వైపు ఒక శివారు పల్లె. అంత చిన్న పల్లెకు కూడా చరిత్ర ఉంటుందనీ, ప్రతి ఇంటికీ ఒక వంశం ఉంటుందనీ చెప్పడమే కాక పుట్టిన ఇంటి వృత్తి. పంటలు ఇళ్లకు చేరాక గడపగడపకూ వెళ్లి, ఆ ఇంటివాళ్ల పుట్టుపూర్వోత్తరాలు రాగం తీసి చెప్పి, వాళ్లు పెట్టిన వడ్లు తెచ్చుకుని బతికేవాళ్లు. ఆ హక్కునే మిరాశీ అంటారు. వడ్లు పెట్టే గడపలు తగ్గిపోయాయి. కాక సౌదీకి వచ్చి హుఫూఫ్‌లో తాపీ పట్టుకున్నాడు.

వాళ్ల వృత్తికి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి కథ చెప్పినా ఆ ఇంటి పెద్ద చేసిన మంచినీ, ఆ ఇంటికి అంటిన మచ్చనూ ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే చెప్పినట్టు కాదు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. మంచి దగ్గర ఆగిపోయినవాడు బిచ్చగాడనీ, మచ్చ దగ్గర మొదలుపెట్టినవాడు పగవాడనీ కాక అనేవాడు.

హుఫూఫ్‌లో కొన్నాళ్లు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. శుక్రవారం భోజనాలయ్యాక కాక ఖర్జూరపు గింజలు కడిగి చాప మీద పేర్చేవాడు. గింజకొక ఇల్లు. కుమ్మరుల ఇల్లు ఇక్కడ, సాలోళ్ల ఇల్లు ఆ వంపులో, గొర్లోళ్ల ఇల్లు చివర. ఉన్నవాటిలో చిన్న గింజ ఏరి తన ఇల్లుగా పెట్టుకునేవాడు. పెద్దింటి గింజను మాత్రం కడిగేవాడు కాదు. దాని చుట్టూ తీపి అంటుకునే ఉండేది, కాసేపటికి ఈగలు ముసిరేవి. అడిగితే, "గా ఇంటికి ఎప్పుడైనా గట్లనే ముసురుతరు బిడ్డా" అని నవ్వేవాడు.

పల్లె నుంచి కొత్తగా ఎవరొచ్చినా టీ ఇచ్చి, వాళ్ల ఇంటి కథ చెప్పేవాడు. నేను దిగిన రోజు నా వంతు వచ్చింది. మా తాత కలరా వచ్చినప్పుడు దిక్కులేని శవాలను మోశాడట. ఆ ఊపిరిలోనే, ఆ తాత కుమ్మరుల పాడిబర్రెను తోలుకొచ్చి కట్టేసుకుని తనదేనని ప్రమాణం చేశాడని కూడా చెప్పాడు. గదినిండా మనుషులు. నాకు ఒళ్లు మండింది.

"కోపమొచ్చిందా?" అన్నాడు కాక.

"రాదా మరి? అందరి ముంగట గట్ల చెప్తివి."

"రానియ్. మీ తాత నీకు గోడ మీది ఫోటో గాకుంట మనిషయ్యిండు ఇయ్యాల."

ఆ మాట ఎంత నిజమో ఇంటికి ఫోన్ చేసినప్పుడు తెలిసింది. మా నాయన ఆ బర్రె కొమ్ములు ఎట్లా ఉండేవో చెప్పడం మొదలుపెట్టాడు.

ఇక పెద్దింటి కథ. అది కాక నోట ఇలా వచ్చేది: "కరువుల పల్లె మొత్తానికి అంబలి గాసి పోసినోడు, రాళ్లు గొట్టే ఇంటి ఆలుమగలు తవ్విన బాయిల బండ గూలి మగడు సస్తే, పీనుగను పైకి దియ్యకముందే బాయి మీద తన పేరు చెక్కిచ్చుకున్నోడు, గాయిన పెద్దింటి తాత!" ఇదంతా ఒక్క ఊపిరి. రాగం మెట్లెక్కినట్టు ఎక్కి చివర తాత పేరు మీద దిగేది. ఆ కథ చెప్పాక మాత్రం కాక లేచి వెళ్లి నోరు పుక్కిలించి ఉమ్మేవాడు. ఎందుకని అడిగాను. "అంబలి మాట మింగిన బిడ్డా. పీనుగ మాట గొంతు దిగుత లేదు" అన్నాడు.

నా కంపెనీ వేరు. పని ఖఫ్జీకి మారడంతో నేను వెళ్లిపోయాను. ఆలోపే నితాకాత్ అనే చట్టం వచ్చి కంపెనీలకు రంగులు పూసింది. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోని కంపెనీ ఎరుపు, పెట్టుకున్నది ఆకుపచ్చ. ఆ మీద పరాయిదేశం పనివాళ్లకు తలకింతని లెవీలు పడ్డాయి. కాక కంపెనీ ఎరుపులోకి జారింది. అక్కడ ఉండడానికిచ్చే కార్డు, అకామా, రెన్యువల్ ఆగిపోయింది. ఇక రెండే దారులు. ఆకుపచ్చ కంపెనీకి మారాలి, లేదా కఫీల్, అంటే పనికి పెట్టుకున్న సౌదీ యజమాని, దేశం విడిచే ఎగ్జిట్ కొట్టిస్తే ఇంటికి పోవాలి. కాకకు ఇంటికి పోవాలనే ఉంది. మోకాళ్లు పోయాయి. ఇంటి దగ్గర ఆయన భార్య, మా కాకీ, ఒక్కతే ఉంది.

ఆ రెండు దారులకూ అడ్డంగా కూర్చున్నవాడు పెద్దింటి కొడుకు. మా పల్లెవాళ్లను సగం మందిని సౌదీకి తెచ్చిన ఏజెంటు అతనే. కఫీళ్లు అతని మాట వింటారు. పల్లె మొదట్లో తాత పేరున కమాను కట్టిస్తున్నాడు. దాని ప్రారంభానికి మిరాశీ మనిషి వంశం చెప్పాలి. లేకపోతే అది పెద్దిల్లు కాదు, డబ్బున్న ఇల్లు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే కాక గదికి వచ్చాడు. నేనూ ఆ వారం సెలవు మీద అక్కడే ఉన్నాను.

"మచ్చలు గిచ్చలు ఏందే కాకా ఇయ్యాల రేపు? మా తాత గురించి మంచిగ నాలుగు ముక్కలు చెప్పు, వీడియో తీస్తం. నీ ఎగ్జిట్ పూచీ నాది" అన్నాడు.

"చెప్త పటేలా. ఎట్ల చెప్పాల్నో గట్లనే చెప్త."

తలపాగా చుట్టించి గోడ ముందు నిలబెట్టారు. వీడియో తీసింది అతని డ్రైవరు, హైదరాబాద్ ముస్లిం. కాక కళ్లు మూసుకుని, ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుని, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాడు. అంబలి, బావి, పీనుగ, పేరు. ఒక్క మాట పొల్లుపోలేదు. చెప్పి వెళ్లి పుక్కిలించి ఉమ్మాడు.

పెద్దింటి కొడుకు ముఖం మాడిపోయింది. "నడుమ ముక్క కోసెయ్" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఫోన్‌లో అటు జరిపి ఇటు జరిపి చూశాడు. "నై హోతా పటేల్ సాబ్. యాడ కోసినా మీ తాతకు ఎక్కిళ్లొచ్చినట్టు ఇనబడుతున్నది."

నేను నవ్వాపుకోలేకపోయాను. కాక నవ్వలేదు.

"గీ కథ ఎవనికి గావాలె?" అని అరిచాడు పెద్దింటి కొడుకు.

"మీకే గావాలంటిరి గద పటేలా" అన్నాడు కాక.

ఎగ్జిట్ రాలేదు. దానికి బదులు కాక మీద హురూబ్ పడింది. అంటే పని వదిలి పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు రాయించడం. పారిపోవడం అటుంచి, ఆ మోకాళ్లతో మెట్లు దిగడమే కష్టం. ఆ తర్వాత కాక గది దాటి బయటికి రాలేదు, దొరికితే లోపలేస్తారని. ఛాతీలో నొప్పి వచ్చినా, అకామా లేదని ఆసుపత్రికి పోవడానికే భయపడ్డాడు. నేను ఫోన్ చేసి ఆసుపత్రికి పొమ్మని బతిమాలితే, "వాయువు బిడ్డా, సోంపు నములుతున్న" అన్నాడు. ఒకరోజు పొద్దున గదిలోవాళ్లు పనికి పోతూ లేపబోతే లేవలేదు.

హురూబ్ వేయించిన చేతులే ఫ్లెక్సీలో జోడించి ఉన్నాయి. ఆప్తుడట. థూ! ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు, మీరు ఏమనుకున్నా సరే. దండాల బొమ్మలు పెట్టినవాళ్ల మీద కూడా నాకు రోతే. కాక చేతి టీ తాగి తమ ఇంటి కథ విన్నవాళ్లే వాళ్లంతా.

హురూబ్ ఉన్నవాడి శవానికి కాగితాలు తొందరగా కావు. కాక ఇంకా హుఫూఫ్ ఆసుపత్రి చలిగదిలోనే ఉన్నాడు. కమాను ప్రారంభం మాత్రం అనుకున్న రోజుకే జరిగింది. పెద్దింటి కొడుకు విమానమెక్కి వెళ్లాడు. మా చెల్లె వీడియో కాల్ చేసింది.

"అన్నా, కాకను సూపెడుతున్నరే" అంది ఏడుస్తూ.

కమాను పక్కన పెద్ద తెర. తెర మీద తలపాగాతో కాక. గొంతు తీసేశారు. పైన డప్పులూ డీజే మోత. కాక నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మాట లేదు. కింద పెద్దింటి కొడుకు శాలువా కప్పుకుని నిలబడ్డాడు. వీడియో అయిపోగానే మళ్లీ మొదటికి వస్తోంది.

"అన్నా, గా అవ్వను సూడు" అని చెల్లె ఫోన్ తిప్పింది.

రాళ్లు కొట్టే ఇంటి ముసలమ్మ. బావిలో పోయిన ఆయన కోడలు. తెర కిందకు వచ్చి, తల ఎత్తి కాక నోటివైపే చూస్తోంది. కాక పెదవి కదిలినట్టే ఆమె పెదవీ కదులుతోంది. చెల్లె దగ్గరికి జరిగింది. డప్పుల సందులోంచి ఆమె గొంతు వినిపించింది. "...అంబలి గాసి పోసినోడు, రాళ్లు గొట్టే ఇంటి ఆలుమగలు తవ్విన బాయిల..." అక్కడ దగ్గు వచ్చి ఊపిరి తెగిపోయింది. చుట్టూ ఆడవాళ్లు ఆమెవైపు తిరిగారు. పెద్దింటి కొడుకు కూడా తిరిగాడు.

ముసలమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది, వెళ్లిపోలేదు. తెర మీద వీడియో మళ్లీ మొదటికొచ్చింది. కాక కళ్లు మూసుకుని, ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆయనతోపాటు ఆమె కూడా.