ఉమక్క కొట్టివేసిన సంతకాలు

ఉమాదేవి గారు కన్నుమూసి నలభై రోజులు దాటింది. మన సంఘం పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని పదో రోజునే అడిగారు. రాయలేకపోయాను. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, చేయి నెమ్మది. అయినా ఆలస్యానికి కారణం అది కాదు. రాయబోయిన ప్రతిసారీ కోపం వచ్చేది. మొదటి కాగితం ఆమెను తిట్టినట్టు వచ్చింది. రెండోది మనందరినీ తిట్టినట్టు వచ్చింది. రెండూ చింపేశాను. ఇది మూడోది.

ఆ వార్త మా అమ్మాయి స్వప్న చెప్పింది. అప్పుడు నేను వంటింట్లో పిండి కలుపుతున్నాను. "అమ్మా, ఉమ ఆంటీ పోయారట" అంది. చేతులు పిండిలోనే ఉండిపోయాయి. అంతకు ముందు రోజే ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చాను. గుండె నొప్పితో చేరిన మనిషి మంచం మీద నుంచే, "యాదమ్మా, ఎడ్మండ్‌సన్ పార్క్ అర్జీ కాగితాలు తెచ్చావా?" అని అడిగారు. తేలేదన్నాను. "నా గుండెను ఎంత బాగా చూస్తున్నారో చూడు. మెడికేర్ కార్డు చూపించాం, అంతే. అదే పంటి నొప్పయితే గుమ్మంలోనే ఆపేవాళ్ళు" అని నవ్వారు. నాతో ఆమె చివరి మాటలు అవే.

ఆమెను ఎరగని వారి కోసం చెబుతున్నాను. ఉమాదేవి గారిది తెనాలి దగ్గర పల్లె. సిడ్నీకి వచ్చి ముప్పై ఏళ్ళు పైబడింది. ఒక ప్రభుత్వ దంతవైద్యశాలలో డెంటల్ నర్సుగా పనిచేశారు. డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందించడం సగం పని. "మీ వంతు ఇంకా రాలేదండీ" అని ఫోనులో చెప్పడం మిగతా సగం. రిటైరయ్యాక కూడా ఆ మాట ఆమెను వదలలేదు. ఈ దేశంలో మెడికేర్ కార్డు ఉంటే గుండెకూ మూత్రపిండాలకూ సర్కారు చెల్లిస్తుంది. పెద్దవాళ్ళ పళ్ళకు మాత్రం చెల్లించదు. ఉన్నవారు ప్రైవేటు ఇన్సూరెన్సు కట్టుకుంటారు, లేనివారు ఆమె పనిచేసినటువంటి ఉచిత దంతవైద్యశాలల వరుసలో ఉంటారు. పళ్ళను కూడా ఆ కార్డులో చేర్చాలని, ఒంటి మొత్తానికీ చెల్లించే చేయి ఒక్కటే ఉండాలని పార్లమెంటుకు అర్జీ పెట్టాలన్నది ఆమె పట్టుదల. "పన్ను నోట్లో ఉంది, నోరు మొహంలో ఉంది. మొహం ఒంట్లో లేదా?" అని కనపడిన ప్రతివారినీ అడిగేవారు.

నేను ఆ వరుసలో ఉన్నదాన్నే. ఎడమ దవడ ఉబ్బి కుడివైపే నములుతున్న రోజుల్లో క్వేకర్స్ హిల్ పార్కులో తెలుగువాళ్ళ బార్బెక్యూ జరిగింది. అక్కడ ఆమె అర్జీ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఏలిముద్ర ఏస్త అక్కా, ఇంకు తే" అన్నాను.

"ఇందులో ఏం రాసుందో తెలుసా?"

"నువ్వు రాసినవ్ గదా. మంచిదే రాసుంటవ్."

"నీ ఇల్లు నాకు రాసిచ్చేస్తున్నట్టు రాసుంటే?"

"నాకు ఇల్లు యాడిదక్కా? బిడ్డ ఇంట్ల ఉంటున్న."

పగలబడి నవ్వారు గానీ వేలిముద్ర మాత్రం తీసుకోలేదు. ఆ వచ్చే మంగళవారం నన్ను లైబ్రరీకి తీసుకువెళ్ళారు. ముందు తెలుగు నేర్పారు, తరువాత ఆ కాగితానికి సరిపడా ఇంగ్లిషు నేర్పారు. ఆ ఒక్క పేజీ నా అంతట నేను చదివి సంతకం పెట్టేసరికి రెండేళ్ళు పట్టింది. ఈలోపు నా పన్ను ఊడపీకేశారు కూడా. ఒక్క సంతకం కోసం రెండేళ్ళు ఆగే మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక వాదనల సంగతి. రిటైరైన ఇంజనీరు ప్రసాద్ గారికీ ఆమెకూ కలిసిన ప్రతిచోటా ఇదే గొడవ. ఆ రోజు పార్కులో కూడా ఆయన ప్లేటు పట్టుకుని వచ్చారు.

"ఉమ గారూ, పేమెంట్ అంతా గవర్నమెంట్ చేతిలో పెడితే క్యూ పెరుగుతుంది. నాకు ప్రైవేట్ కవర్ ఉంది, ఇయర్‌కి రెండు చెకప్‌లు, నో వెయిటింగ్. ఎవరి పళ్ళు వాళ్ళు చూసుకోవాలి, సింపుల్."

"క్యూ ఇప్పుడూ ఉంది ప్రసాద్ గారూ. మీరు అందులో లేరు కాబట్టి మీకు కనపడదు."

"సరే, మరి మెడికేర్ మీద ఫ్రీగా చూసే ఫ్యామిలీ డాక్టర్ ఎక్కడ దొరుకుతున్నాడు చెప్పండి. ఇచ్చేవాడు ఒక్కడే అయితే వాడు ఇచ్చిందే రేటు. డాక్టర్లు తప్పుకుంటున్నారు."

ఎదుటివారి మాటలో నిజం ఉంటే ఒప్పుకోవడం ఆమె గుణం. "అది నిజమే. అయితే ఇచ్చేవాడు ఒక్కడు కావడం తప్పు కాదండీ, పిసినారి కావడం తప్పు" అన్నారు.

ప్రసాద్ గారు నవ్వి, మర్యాద కోసం పెన్ను తీసుకున్నారు. తన పేరు రాశారు, కింద భార్య పేరు, కొడుకు పేరు, కోడలి పేరు, తల్లి పేరు రాశారు. అయిదు సంతకాలూ చకచకా తనే పెట్టేసి, "మా ఇల్లు మొత్తం అయిపోయింది" అన్నారు. ఉమక్క ఆ కాగితం చూసి, నాలుగింటిని గీత గీసి కొట్టివేశారు.

"ఎవరి పళ్ళు వాళ్ళు చూసుకోవాలన్నారు, సంతకాలు మాత్రం అందరివీ మీరే చూసుకున్నారే!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు.

ఆయన ఒక్కడే అయితే బాగుండేది. ఏ తెలుగు ఇంటికి కాగితం పంపినా ఇంటి పెద్ద చేతిరాతే వరుసగా దిగి తిరిగి వచ్చేది. ఎవరి సంతకం వారే పెట్టకపోతే చెల్లదని అర్జీ నియమం. ఎడ్మండ్‌సన్ పార్క్ పేట నుంచి వచ్చిన కాగితాలయితే సగానికి సగం అంతే. ఆమె అన్నీ కొట్టివేసి, మోకాళ్ళ నొప్పితో, రైళ్ళు మారి మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళేవారు. భార్యలను వంటింట్లోంచి పిలిపించి, చదివి వినిపించి, వద్దన్నవారిని వదిలి వచ్చేవారు. నేను విసిగిపోయాను.

"ఇడిచిపెట్టక్కా! అన్నీ కట్టి పంపిస్తే ఎవడు చూస్తడు? నువ్విట్ల కొట్టేసుకుంట పోతే ఈ అర్జీ మన జన్మల పోదు."

"పాతికేళ్ళు నోళ్ళు చూశాను యాదమ్మా. ఒకరి నోరు ఇంకొకరు తెరవలేరు. తెరవమని అడగాలి, తెరిచేదాకా ఆగాలి."

ఆ మాట ఎంత గొప్పదో తెలిసి కూడా నాకు ఇప్పటికీ కోపమే. ఆమె ఆగారు, ప్రాణం ఆగలేదు. అర్జీ వెళ్ళలేదు.

ఆమె పోయాక వాళ్ళమ్మాయి ఆ ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరం మా ఎంపీ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అమ్మాయి ఓపికగా చూసి, మొదటి పేజీలో పేరున్న వ్యక్తికే పార్లమెంటు జవాబు రాస్తుందనీ, ఆ వ్యక్తి లేరు కనుక మరొకరి పేరుతో కొత్తగా మొదలుపెట్టడమే మంచిదనీ చెప్పింది. మూడుసార్లు సారీ చెప్పింది. కొట్టివేసినవే కాదు, ఆమె కొట్టివేయకుండా ఉంచినవి కూడా ఇక పనికిరావు. నేను పెట్టిన సంతకం కూడా.

పోయిన ఆదివారం పారమట్టా హాల్లో సంస్మరణ సభ జరిగింది. దీపం వెలిగించారు, పటానికి దండ వేశారు. ప్రసాద్ గారు గద్గద స్వరంతో మాట్లాడారు. ఆయన కన్నీళ్ళు అబద్ధమని నేను అనను. "ఉమ గారి ఆశయం మనందరి ఆశయం. ఆమె లేని లోటు తీరనిది" అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"అందరి ఆశయమైతే కొత్త కాగితం మీద మొదటి పేరు ఎవరు రాస్తరు సారూ?"

ప్రసాద్ గారు మైకు పక్కకు జరిపారు.

"యాదమ్మా, ఇది దానికి టైమ్ కాదమ్మా."

"మరెప్పుడు సారూ టైమ్? ఆమెకైతే అయిపాయె."

తరువాత టీ దగ్గర ఒక్కొక్కరూ వచ్చి కారణాలు చెప్పారు. ఒకాయనకు సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది. ఒక డాక్టరు గారికి సొంత ప్రాక్టీసు ఉంది, బాగుండదట. ప్రసాద్ గారు, "నా వ్యూస్ నీకు తెలుసు కదమ్మా, సంతకం పెట్టడం వేరు, ముందు నిలబడటం వేరు" అన్నారు. నిజాయితీగా చెప్పింది ఆయన ఒక్కరే. ఇంకొకావిడ మంచి ఇంగ్లిషులో, మంచి ఇంగ్లిషు వచ్చినవాళ్ళు ఎవరైనా రాస్తే బాగుంటుందని చెప్పి వెళ్ళిపోయింది.

తీరని లోటు అంటే ఏమిటో నాకు ఆ హాల్లో తెలిసింది. ఉమక్క ఉంటే ఆ జనంలో ఒక్కరినైనా నవ్వించో, దెప్పిపొడిచో కాగితం ముందు కూర్చోబెట్టేవారు. ఆ విద్య నాకు రాదు. ఆమె అక్షరాలు నేర్పగలిగారు గానీ ఆ ఓర్పు నేర్పలేకపోయారు. అటువంటి మనిషి మన మధ్య తిరిగింది. కనపడగానే, మళ్ళీ కాగితం తెస్తోందని మనం పక్కకు తప్పుకున్నాం. నేను కూడా ఒకటి రెండుసార్లు తప్పుకున్నాను. ఆమెకు నా నమస్కారం, ఆ తప్పుకు క్షమాపణతో పాటు.

మరునాడు సోమవారం. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం మొదటి పేజీలో నా పేరు, మా ఇంటి చిరునామా రాశాను. స్వప్న డ్యూటీకి బయలుదేరుతూ చూసి ఆగింది. "అమ్మా, పార్లమెంటు వాళ్ళు నీకే ఫోన్ చేస్తారు, ఇంగ్లిష్‌లో" అంది. "చెయ్యనీ" అన్నాను. క్వేకర్స్ హిల్ స్టేషను బయట బస్సులు ఆగే చోటికి వెళ్ళి నిలబడ్డాను. మొదటి మనిషి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. రెండో ఆయన ఫోనులోంచి తలెత్తలేదు. మూడో ఆవిడ సెక్యూరిటీ గార్డు బట్టల్లో ఉంది. "వాట్ ఈజ్ ఇట్, లవ్?" అని ఇక్కడివాళ్ళ అలవాటుగా ఆప్యాయంగా అడిగింది. "టీత్" అన్నాను. చిన్నగా నవ్వబోయి, చప్పున నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కాగితం తీసుకుని పై వరుస నుంచి మొదలుపెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క మాటా చదవసాగింది. ఆమె ఎక్కవలసిన బస్సు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. బస్సు వెళ్ళిపోయింది. ఆమె ఇంకా చదువుతూనే ఉంది. నేను పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాను.