పైడమ్మప్పకి నేను చెప్పిన గుర్తు

ఎనిమిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చేపల గంప మోసిన నెత్తి నాది, బరువు కొత్త కాదు. గంపనైతే ఊరు రాగానే ఎవరో ఒకరు చెయ్యి వేసి దించుతారు. దీన్ని దించమని ఎవరిని అడగను? మా ఆయనకు చెప్పలేదు. అమ్మవారి ముందు నిలబడి కూడా దీని జోలికి పోకుండా మిగతావన్నీ చెప్పుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అయితే ముందే ఒకటి చెబుతాను. నేను కుమిలి కుమిలి బతుకుతున్నానని అనుకోకండి. నాకు గర్వం ఉంది. చాలా ఉంది.

భోగాపురానికి తూర్పున, సముద్రం ఒడ్డున మా ఊరు. ఆ ఒడ్డున చేపల వ్యాను నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. పడవలు వచ్చి వేలం వేసే చోటికి ఒకటే సందు. ఒక పక్క గోడ, ఒక పక్క సరుగుడు కర్రల దడి. వ్యానుకు అటు జానెడు, ఇటు జానెడు. చివర బండి తిప్పుకునే చోటు లేదు కాబట్టి సందు మొదటి నుంచీ వెనక్కే రావాలి. మగవాళ్లు రెండు మూడు సార్లు ఆపి, ముందుకు తీసి, మళ్లీ సరిచేసుకుని వస్తారు. నేను ఒక్కసారి కూడా ఆపను. నా వ్యాను వస్తుంటే వేలం పాట పాడేవాడు కూడా పాట ఆపి చూస్తాడు. ఆ చూపు నాకిష్టం. ఇప్పటికీ ఇష్టమే. ఇంత ఇష్టమైనదాని కింద ఏం పెట్టి కప్పానో అదే మీకు చెప్పాలి.

పైడమ్మ నా తోడికోడలు. మా వైపు ఏరాలు అంటాం. మా బావగారి భార్య. నాకంటే ఆరేళ్లు పెద్ద, నేను అప్పా అని పిలుస్తాను. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు చేప పట్టుకోవడం కూడా సరిగా రాదు. మా పుట్టింట్లో నాన్నది కుట్టు మిషను. గంప కింద చుట్టకుదురు ఎలా పెట్టుకోవాలి, వేలంలో ఎప్పుడు నోరు విప్పాలి, ఏ వీధిలో కవళ్ల చేపలు అడుగుతారు, ఏ వీధిలో కానాగంతలు అడుగుతారు, అన్నీ తనే నేర్పింది. పదేళ్లు తన వెనకే నడిచాను. జనానికి నా పేరు తెలియదు. "పైడమ్మ ఏరాలొచ్చింది" అనేవారు. తను రాని రోజు "పైడమ్మేదీ?" అని అడిగాకే నా గంపలోకి చూసేవారు.

దానికి నేను బాధపడ్డానా? అప్పట్లో లేదనే అనేదాన్ని.

మా మహిళా సంఘానికి ఒక వ్యాను వచ్చింది. చేపలు ఐసులో పెట్టి విజయనగరం, శ్రీకాకుళం బజార్లకు తీసుకెళ్లడానికి. నడిపేది కూడా సంఘంలో మనిషే అయి ఉండాలన్నారు. డ్రైవింగు నేర్పిస్తామన్నారు. మీటింగులో ముప్ఫై మందిమి ఉన్నా చేతులెత్తింది ఇద్దరమే. ముందు అప్ప ఎత్తింది. తన చెయ్యి చూసి నేను ఎత్తాను. ఇద్దరికీ లైసెన్సు వస్తే తాళం పెద్దకోడలికే అని అక్కడే అనేసుకున్నారు. ఎవరూ నా వైపు చూడను కూడా చూడలేదు.

బండి ముందుకు నడపడంలో అప్ప పులి. మొదటి వారానికే గేర్లు పట్టేసింది. నేను క్లచ్చు వదిలితే కారు కప్పలా గెంతేది. కానీ డ్రైవింగు మాస్టారు వెనక్కి నడపడం మొదలుపెట్టాక సంగతి మారింది. టెస్టు ట్రాకులో ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకర్లు తిప్పి, రెండు వైపులా కర్రలు పాతి ఉంటారు. దానిలో ముందుకు వెళ్లి, అదే దారిన వెనక్కి రావాలి. కర్ర తగిలితే ఫెయిలు. వెనక్కి వచ్చేటప్పుడు మన బుర్ర చెప్పేది ఒకటి, బండి చేసేది ఒకటి. అందరూ అక్కడే పోతారని మాస్టారు మొదటి రోజే చెప్పాడు.

నేను దాని మీద పట్టుబట్టాను. ఎందుకో తెలియదు, అది నాకోసమే ఉందనిపించింది. పొద్దున్నే ఒడ్డుకు పోయి, తడి ఇసుకలో మడమతో పెద్ద ఎస్ గీసి, ఖాళీ గంప అంచు స్టీరింగులా పట్టుకుని వెనక్కి నడిచేదాన్ని. వలలు బాగు చేసుకునే వాళ్లు నవ్వేవారు. ఏ క్షణాన తిప్పితే ఎక్కడికి వస్తానో ఒళ్లే చెప్పేది. అలా వారం చేశాక ఒకరోజు కారులో హఠాత్తుగా దొరికింది. లోపలి కర్ర వెనక చక్రం దాకా వచ్చేవరకూ ఆగాలి. అప్పుడు తిప్పాలి. అంతవరకూ చేతులు కదపకూడదు. కర్రకు ఇంకా దూరం ఉండగా తిప్పితే బండి వెనక భాగం దాని మీదికే పోతుంది. అందరూ భయంతో ముందే తిప్పేస్తారు, అదే తప్పు. మాస్టారు ఇంత విడమరిచి చెప్పలేదు. పక్కన కూర్చుని "ఇప్పుడు" అనేవాడు, అంతే. ఆ "ఇప్పుడు" ఎక్కడుందో నా అంతట నేను కనుక్కున్నాను. బతుకులో నా అంతట నేను కనుక్కున్న మొదటి సంగతి అది.

టెస్టుకు పది రోజులుందనగా మా అత్తకు కంటి ఆపరేషను. ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉండాలి. వంతు నాది. అప్ప నా వంతు తను తీసుకుంది. నాకు ఇంకా గేర్లు సరిగా పడడం లేదని, నేను ట్రైనింగు మానకూడదని, తను విజయనగరం వెళ్లి ఉండిపోయింది. వెనక్కి నడపడం గట్టిగా సాధన చేయించిన రోజులన్నీ తను అత్త మంచం పక్కన గడిపింది. నాకోసం. ఈ సంగతిని నేను చాలాకాలం కథలోంచి తీసేసి గుర్తు చేసుకునేదాన్ని. తీసేస్తే మిగిలినది కొంచెం తేలికగా ఉండేది.

టెస్టు రోజు పొద్దున్న బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. అప్ప చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. తను భయపడడం నేను మొదటిసారి చూశాను.

"ఒసే, ఆ ఎనక్కి తిప్పడం నాకు సరిగ్గా రాలేదే. మాస్టారు పక్కనుండి సెప్తే తిప్పీదాన్ని. ఇయ్యాల పక్కనోలు నోరిప్పరంట. నువ్వేటి గుర్తెట్టుకున్నావు?"

"ఏ మలుపుకి?"

"మొదట్దానికే. అదొక్కటీ దాటితే రెండోది ఎలాగోలా సూసుకుంటాను."

చెప్పడానికి నోరు తెరిచాను. నిజమే చెప్పాలనుకున్నాను, ఒట్టు. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"కర్ర అద్దంలో కనబడీసరికి తిప్పీయప్పా. ఆలీసం సెయ్యకు."

"అంత ముందుగానా?"

"ముందుగానే. ఆగితే తగిలిపోతాది."

"సరే. నువ్వు సెప్పినావంటే సరే."

అంతే. తను కొంగు వదిలేసి కిటికీలోంచి బయటికి చూడసాగింది. ధైర్యం వచ్చింది కాబోలు. దిగేవరకూ అరగంట టైముంది. ఆ అరగంటలో ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. "కాదప్పా, తప్పు సెప్పీసినాను" అంటే చాలు. నేను టికెట్టు మడతలు పెడుతూ కూర్చున్నాను.

పేరు ప్రకారం అప్పని ముందు పిలిచారు. ముందుకు చక్కగా వెళ్లింది. వెనక్కి మొదలుపెట్టింది. అద్దంలో కర్ర కనబడగానే, నేను చెప్పినట్టే, ఆలస్యం లేకుండా తిప్పేసింది. మొదటి కర్ర పడింది. కంగారులో బ్రేకు బదులు ఇంకాస్త వెనక్కి పోనిచ్చింది. రెండోదీ పడింది. లైసెన్సుల కోసం వరుసలో నిలబడ్డ వాళ్లు నవ్వారు. "సేపల గంపకి స్టీరింగు ఉండదు కదేటి" అన్నాడొకడు. అప్ప కారు దిగి, ఎవరూ చెప్పకుండానే వంగి, ఆ పడిపోయిన కర్రలు లేపి నిలబెట్టబోయింది.

తర్వాత నా పేరు పిలిచారు.

ఇక్కడ మీరు నేను తడబడ్డానని అనుకుంటారు. తడబడలేదు. నా జన్మలో అంత నిదానంగా ఎప్పుడూ లేను. కర్ర వెనక చక్రం దాకా వచ్చేవరకూ ఆగాను. తిప్పాను. మలుపు, సరి, మళ్లీ మలుపు. ఒక్క కర్ర కదల్లేదు. బండి దారంలా వచ్చింది. ఇనస్పెక్టరు కాగితంలోంచి తలెత్తి "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నాడు. అనుమానంతో కాదు, చూడ్డానికి. ఇంకోసారి చేశాను. ఇందాక నవ్విన వాళ్లలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆయనకంటే ముందు చప్పట్లు కొట్టింది మాత్రం అప్ప.

మళ్లీ టెస్టుకు రావచ్చని తనకు చెప్పారు. మాస్టారు చెప్పాడు, సంఘం వాళ్లు చెప్పారు. నేను కూడా చెప్పాను, ఎంత గట్టిగా చెప్పానో నాకే తెలుసు. తను వెళ్లలేదు. "నాకు రాదులే. ఎనక్కి సూస్తే నాకు బుర్ర తిరుగుతాది" అనేసింది. అప్పటినుంచి ఎవరడిగినా అదే మాట. తాళం నాకిచ్చారు.

నేను ఏం తీసుకున్నాను తన దగ్గర? వ్యాను అనుకునేదాన్ని చాలాకాలం. కానీ తాళం తనకే వచ్చి ఉంటే సగం రోజులు నాకే ఇచ్చి నడపమనేది, అది నాకు తెలుసు. వ్యాను కోసమైతే అబద్ధం అవసరమే లేదు. మరెందుకు చెప్పాను? నా దగ్గర ఉన్న ఒకే ఒక్క వస్తువు, నా అంతట నేను కష్టపడి కనుక్కున్నది, ఒక్క మాటలో తనది కూడా అయిపోతుందని. తను ట్రాకు మీద దాన్ని నాకంటే బాగా చేసి చూపిస్తుందని. మళ్లీ నేను పైడమ్మ ఏరాలినే అవుతానని. ఎవరి ఎదుటా జంకని మనిషి తనకు చేతకాదని నమ్మింది, నా మాట విని. తన మీద తనకున్న నమ్మకం, నేను తీసుకున్నది అదీ.

నేను చెప్పకపోయినా ఫెయిలయ్యేదేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. పది రోజులు ట్రైనింగు పోయింది కదా, ఎలాగూ కర్ర పడేదేమో. కావచ్చు. అయితే ఆ కర్ర తనది అయ్యేది. పడింది నాది.

ఇప్పుడు అప్ప నాతోనే వస్తుంది. తూకం, బేరం తనవి, బండి నాది. సందులో వెనక్కి వచ్చేటప్పుడు దిగి వ్యాను వెనక నిలబడి "రా, రా, ఇంకా రా" అని అరుస్తుంది. నాకు అవసరం లేదు. వద్దనను. బజారులో ఎవరు కొత్తగా కనబడినా నన్ను చూపించి, మా ఏరాలు ఎనక్కి నడిపితే సూడాల అని చెబుతుంది. జనం ఇప్పుడు నన్ను వ్యానమ్మ అని పిలుస్తారు. తనను "వ్యానమ్మ ఏరాలు" అంటారు. అది విని తను నవ్వుతుంది. నేను ఐసు పెట్టెలు సర్దుకుంటాను.

నిరుడు తన కూతురు సంధ్య డ్రైవింగు నేర్చుకుంటానంది. నేనే నేర్పాను. వెనక చక్రం గుర్తు మొదటి రోజే చెప్పాను, వందసార్లు చేయించాను, కర్రకు బదులు ఐసు పెట్టెలు పెట్టి. ఒక్కసారికే పాసయింది. దాంతో చెల్లు అవుతుందని ఎక్కడో ఆశ ఉండేది. ఆరోజు అప్ప నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. చెల్లు కాలేదు. ఇంకా పెరిగింది.

తనకు చెబుతానా? తెలియదు. రైల్వే గేటు దగ్గర బండి ఆగినప్పుడల్లా చెప్పాలనుకుంటాను. గేటు లేస్తుంది, వెనకనుంచి హారన్లు కొడతారు. చెబితే క్షమిస్తుంది, వెంటనే క్షమిస్తుంది, నేను భయపడేది దానికే అని కూడా అనిపిస్తుంది. అంత తేలిగ్గా దొరికే క్షమ అడిగే హక్కు నాకుందా? ఆ జవాబు మీ దగ్గర కూడా ఉండదు. అడగను.

ఒక్కటి మాత్రం రాస్తుండగా తెలిసింది. ఆ రోజు ట్రాకు మీద నేనెంత బాగా నడిపానో ఇన్నేళ్లలో ఎవరికీ మొదటినుంచీ చివరిదాకా చెప్పుకోలేదు. చెబితే బస్సు దగ్గర మొదలుపెట్టాలి కదా. అందుకే ఎవరడిగినా ఏదో అయిపోయిందిలే అని తుంచేసేదాన్ని. ఇవాళ తుంచలేదు. అప్పకి తెలిసే తప్పు చెప్పాను. తర్వాత కారెక్కి, ఒక్క కర్ర కదలకుండా, రెండుసార్లు, దారంలా వెనక్కి తెచ్చాను. రెండూ నేనే చేశాను.