తలుపు తీసి పెట్టిన అన్నం

1945 చలికాలంలో నన్ను సిద్దిపేట సర్కారు దవాఖానకు సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. వైద్య పాఠశాల చదువు ముగించిన వారికి దక్కే మొదటి హోదా అది. కోత, కట్టు, కాన్పు, కలరా సూది అన్నీ నా చేతి మీదే జరగాలి. చదువుకునే రోజుల్లో సభలెక్కి మూఢనమ్మకాలను చీల్చి చెండాడిన వేడి నాలో ఇంకా చల్లారలేదు.

ఒక ఉదయం ధాన్యం వర్తకుల ఇంటి కోడలు రెండేళ్ల కొడుకు వెంకటిని చంకనెత్తుకొని వచ్చింది. వెంట ఆమె అత్త నర్సవ్వ. పిల్లవాడు రెండు ముద్దలకే మూతి తిప్పుకుంటాడట. ఆదివారం కొండపాక వైపు ఒకాయన దగ్గరికి తీసుకెళ్లి, కాల్చిన ఇనుముతో వాడి పొట్ట మీద వాతలు పెట్టించాలని నర్సవ్వ నిశ్చయించింది.

"మా కొడుక్కు గూడ పెట్టిచ్చిన సారూ. ఇప్పుడు చూడున్రి, తరాజు ముంగట గుండు లెక్క కూసుంటడు," అన్నది.

కోడలు గొంతు తగ్గించింది. "ఆ వాతలు తప్పేటట్టు ఏదన్న మందియ్యున్రి. మీ కాళ్లు మొక్కుత."

కనురెప్ప తిప్పి చూశాను, రక్తహీనత లేదు. మలేరియా పిల్లల్లో ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం పెరిగి చేతికి తగులుతుంది. పొట్ట నొక్కితే అదేమీ లేదు. మలం పరీక్షలో పురుగుల గుడ్లు లేవు. ఈలోగా వెంకటి నా స్టెతస్కోపు గొట్టాన్ని నోట్లో పెట్టుకొని గట్టిగా లాగుతున్నాడు. చిన్న ప్రాణమే గాని రోగి కాదు.

తిండి ఎలా పెడతారని అడిగాను. ఏడ్చినప్పుడల్లా చక్కెర కలిపిన పాలు. అన్నం మాత్రం ఎవరి కన్నూ పడకుండా, తలుపు మూసిన గదిలో నర్సవ్వే తినిపిస్తుంది. వాడు మెతుకు ముట్టుకుంటే చేయి తుడిచేస్తుంది. రోజంతా పాలతో నిండిన పొట్టకు ఆకలి ఎక్కడిది? చీకటి గదిలో ఒంటరి భోజనం పెద్దవాళ్లకైనా రుచిస్తుందా?

ఇక ఆగలేకపోయాను. కంట్లోకి వెలుగు రావడమే గాని కంట్లోంచి ఏ విషమూ బయటికి పోదని, దిష్టి అన్నది ఒట్టి భ్రమ అని ఉపన్యాసం దంచాను. నర్సవ్వ ఓపికగా విన్నది.

"గట్లయితె మీ దవాఖాన గుమ్మానికి బూడిదగుమ్మడికాయ ఎందుకు ఏలాడుతుంది బిడ్డా? మీ రోగాలకు దిష్టి తగుల్తదనా?"

వసారాలో రోగులంతా పగలబడి నవ్వారు. కంపౌండరు కట్టిన కాయ అది. అప్పటికప్పుడు దింపించాను గాని, వాదంలో గెలిచింది ఆమే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మరునాడు నేను చెప్పినట్టు పెట్టాలి. నా ఎదుట వెంకటి తింటే వాతలు మానాలి. తినకపోతే నేను అడ్డు చెప్పకూడదు. పొద్దున్నుంచి మధ్యమధ్య పాలు వద్దన్నాను, దాహమైతే నీళ్లే. చిన్న పొట్టకు కొంచెంలోనే బలం అందాలి కనుక మెత్తటి అన్నంలో పెసరపప్పు, నెయ్యి కలపమన్నాను. చేతికి ఒక జొన్నరొట్టె ముక్క. తలుపు తీసి ఇంటి పిల్లలందరితో కూర్చోబెట్టాలి, వాడి చేత్తో వాడే తినాలి, ఎవరూ తినిపించకూడదు, బతిమాలకూడదు.

మరునాడు వారి లోగిట్లో పిల్లల పంక్తి చివర వెంకటిని కూర్చోబెట్టారు. వాడు మొదటి ముద్దను నేలకేసి కొట్టాడు. నర్సవ్వ నా వైపు చూసి నవ్వింది. తినిపించబోయిన తల్లిని చేయెత్తి ఆపాను. అంతలో పక్కన కూర్చున్న అక్క, పెదనాన్న కూతురు, వాడి రొట్టె ముక్క మీద చేయి వేసింది.

"నాది!" అని కేక పెట్టి, వెంకటి ముక్కంతా నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత పప్పన్నంలో మోచేతిదాకా చేయి పెట్టాడు. కొంత నోట్లోకి, కొంత చెవిలోకి పోయింది. తన గిన్నె ఖాళీ చేసి అక్క గిన్నె మీద పడ్డాడు.

"అక్కది గూడ గావాల్నారా దొంగోడా!" అంటూ నర్సవ్వ విరగబడి నవ్వింది. కోడలు కొంగుతో మొహం కప్పుకొని ఏడుస్తూనే నవ్వింది.

ఇక ఆదివారం ప్రయాణం లేదని నర్సవ్వే ప్రకటించింది. ఆ వెంటనే లోపలికి వెళ్లి ఉప్పు, మిరపకాయలు తెచ్చి మనవడికి దిష్టి తీసి, వాటిని పొయ్యి నిప్పుల్లో వేసింది. "ఇంతమంది కండ్లల్ల తిన్నడు గద సారూ," అన్నది. నేను వెంకటి చెవిలోని మెతుకులు తుడిచే పనిలో పడ్డాను.

వెంకటి తర్వాత కూడా చిన్నగానే ఉన్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. తక్కువ తినే పిల్లవాడికి ముందు ఆకలి వేయనివ్వాలి, నలుగురిలో కూర్చోనివ్వాలి, తన చేత్తో తిననివ్వాలి. వైద్యుడు ముందు పోరాడవలసింది ఒంటిని కాల్చే నమ్మకంతో. ఉప్పు నిప్పుల్లో పడితే పిల్లవాడి పొట్ట కాలదు.