ఐదో గొట్టం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవి చివర, విజయవాడ పటమటలో కడుతున్న కల్యాణమండపం పనికి నన్ను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. అప్పటికే స్లాబు పడింది. డాబా మీది వాన నీళ్లను కిందికి దించే గొట్టాలు ఖరారు చేయడం నా వంతు. మండపం కమిటీ అధ్యక్షులు కోటేశ్వరరావు గారు శ్రావణంలో తమ అమ్మాయి పెళ్లి అందులోనే పెట్టుకున్నారు. మండపంలో మొదటి పెళ్లి అదే. శ్రావణంలో వాన వస్తుందా అని మా వైపు ఎవరూ అడగరు, ఎప్పుడు ఆగుతుందనే అడుగుతారు.

లెక్క తేలిక, నాకు మహా ఇష్టం కూడా. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా లీటరు నీళ్లు. మా డాబా ఐదు వందల చదరపు మీటర్లు. జోరువానకు గంటకు వంద మిల్లీమీటర్లని వేసుకుంటాం. అంటే గంటకు యాభై వేల లీటర్లు. ఆరంగుళాల గొట్టం ఒక్కటి ఆ వానలో నూట పాతిక చదరపు మీటర్ల నీళ్లు లాగుతుంది. నాలుగు మూలలా నాలుగు గొట్టాలు పెట్టి, డ్రాయింగు వేసి మురిసిపోయాను.

కోటేశ్వరరావు గారు అది చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నైరుతిలో నీళ్లు దింపుతారా మేడం గారూ? కొంప మునుగుద్దండీ! ఈశాన్యంలో ఒక్కటి పెట్టండి, చాలు."

ఒక్కటే పెడితే గంటకు ఏడెనిమిది ట్యాంకర్ల నీళ్లు వధూవరుల నెత్తి మీద చేరతాయని చెప్పాను. మనిషి తెల్లబోయి వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయనా నేనూ డాబా ఎక్కి రాజీకొచ్చాం. వాలంతా ఈశాన్యానికి తిప్పి, ఆ మూలకు దగ్గరగా ఉత్తరం గోడకు రెండు, తూర్పు గోడకు రెండు గొట్టాలు. అధ్యక్షులవారికి మళ్లీ గుబులు పట్టుకుంది. "శుభకార్యాలు జరిగే చోట సరిసంఖ్య ఏంటండీ? ఐదు చెయ్యండి!"

నాలుగు అడిగి ఐదు పుచ్చుకున్న ఇంజనీరు మా శాఖలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదనపు పనికి పైనున్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి అనుమతి కావాలి. కారణం ఏం రాయాలో తోచక "సాంకేతిక అవసరం" అని రాశాను. ఆయన సంతకం పెట్టేశారు.

పెళ్లినాడు సరిగ్గా తలంబ్రాల వేళకు వాన దంచేసింది. నేను పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గొడుగుతో డాబా మీదికి పరిగెత్తాను. డెకరేషన్ వాళ్లు వదిలేసిన బంతిపూల దండలు తూర్పు గోడ గొట్టం ఒకదాని మూతిలో ఇరుక్కుని, చుక్క దిగడం లేదు. మిగతా నాలుగూ మాత్రం గుడగుడమంటూ లాగేస్తున్నాయి. నీళ్లు నా చీలమండ దాకా కూడా రాలేదు. నాలుగు! నా నాలుగు! గొడుగు పారేసి ఆ వానలోనే చప్పట్లు కొట్టాను. కన్యాదానం ముగించుకుని నా వెనకే మెట్లెక్కి వచ్చిన కోటేశ్వరరావు గారు, పట్టుపంచె తడిసి ముద్దవుతున్నా, "నే చెప్పలా ఐదని!" అంటూ గంతేశారు.

అప్పటినుంచి ఏ డాబాకైనా లెక్కలో తేలినన్ని గొట్టాలు వేసి, పైన ఇంకొకటి కలిపాను. ఆ ఒక్కటీ ఎందుకో ఎవరు ఏ కారణం చెప్పినా వాదించలేదు. కాగితం మీద "సాంకేతిక అవసరం" అనే రాస్తూ వచ్చాను. మొదటిసారి తోచక రాసిన మాట, తర్వాత తెలిసే రాశాను.